మందులు వాడుతున్నా మరుపెందుకు?

గుంటూరు బ్రాడీపేట పేరు వినని పల్లె ఆ చుట్టుపక్కల లేదు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా "బ్రాడీపేట డాక్టరుకు చూపించుకొస్తాం" అంటారు. సత్తెనపల్లి నుంచి, చిలకలూరిపేట నుంచి, అద్దంకి నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. అక్కడ ఆసుపత్రులు, మందుల షాపులు, రక్తపరీక్షల ల్యాబులు, స్కానింగు సెంటర్లు పక్కపక్కనే ఉంటాయి.

బ్రాడీపేటలో వీధులకు పేర్ల కంటే నంబర్లు ఎక్కువ వాడతారు. ఒక వైపు పోయే వీధుల్ని లైన్లు అంటారు. వాటిని కోసుకుంటూ పోయే వీధులు అడ్డరోడ్లు. 4వ లైను, 14వ అడ్డరోడ్డు కలిసే చోటు కావాలంటే 4/14 అని రాస్తారు. అంకెలు వచ్చిన మనిషి ఎవర్నీ అడక్కుండా అక్కడికి పోవచ్చు.

ఇలా డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల వెంట తల్లో, భార్యో, అన్నో వస్తారు. కొన్నాళ్లు మందులు వాడిన తర్వాత ఆ ఇంటివాళ్లు డాక్టరుతో చెప్పే మాట తరచుగా ఇలా ఉంటుంది: "చెవుల్లో మాటలు వినపడటం పోయిందండి. ఒంటరిగా మాట్లాడుకోవడం పోయింది. రాత్రిపూట నిద్ర పోతున్నాడు. కానీ ఏ పనీ పూర్తి చెయ్యడు. నాలుగు వస్తువులు తెమ్మంటే ఒకటి తెస్తాడు. చెప్పింది చెవికెక్కదు. బద్ధకం బాగా ముదిరింది. మీరైనా గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టండి."

ఇది బద్ధకం కాదు. చెవిలో మాటలు వినపడటం ఎలా జబ్బులో భాగమో, ఈ మరుపు, ఈ నెమ్మది కూడా అలాగే జబ్బులో భాగం. ఈ సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో రోజూ తిట్లు, ఏడుపులు నడుస్తున్నాయి. కొన్ని ఇళ్లలో కొట్టడం కూడా ఉంది.

జబ్బు తీరు

స్కిజోఫ్రీనియా ఎక్కువగా పదహారు, పదిహేడేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు మొదలవుతుంది. చదువుకునే పిల్లవాడు, కొత్తగా పెళ్లయిన అమ్మాయి, పొలం పనుల్లో చేతికందిన కొడుకు, ఎవరికైనా రావచ్చు. ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. ధనవంతుల ఇళ్లలోనూ ఉంది, పేదల ఇళ్లలోనూ ఉంది.

జబ్బు వచ్చిన మనిషికి పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినపడతాయి. తనను తిడుతున్నట్టు, తన గురించి ఎవరో చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. అన్నంలో విషం కలిపారని, ఎవరో వెంటపడుతున్నారని గట్టిగా నమ్ముతాడు. కాదని ఎంత చెప్పినా వినడు. ఇల్లు కదిలిపోతుంది. గాలి సోకిందంటారు కొందరు. చేతబడి అంటారు కొందరు. తాయెత్తులకు, మొక్కుబడులకు డబ్బు, కాలం రెండూ ఖర్చవుతాయి. దేవుడికి దణ్ణం పెట్టుకోవడం ఎవరి నమ్మకం వారిది. దానికోసం వైద్యం ఆలస్యం చేస్తేనే నష్టం.

తల్లి పెంపకం వల్ల ఈ జబ్బు రాదు. ఇది మెదడుకు సంబంధించిన జబ్బు. కుటుంబంలో ఎవరికైనా ఉంటే మిగిలినవాళ్లకు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. గంజాయి తాగితే ఇంకా పెరుగుతుంది.

1890ల నాటికే జర్మనీలో క్రేపెలిన్ అనే డాక్టరు ఈ జబ్బును గుర్తించాడు. ఆయన దానికి పెట్టిన పేరుకు 'చిన్న వయసులోనే మతి తగ్గిపోవడం' అని అర్థం. అంటే మతి తగ్గే సంగతి ఆయన కంట్లో మొదటే పడింది. 1908లో స్విట్జర్లాండు డాక్టరు బ్లాయిలర్ 'స్కిజోఫ్రీనియా' అనే పేరు పెట్టాడు. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును ఈ జబ్బుకు వాడటం మొదలైంది. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆసుపత్రి గోడల మధ్య ఉండిపోయినవాళ్లు ఇళ్లకు పోగలిగారు. తర్వాత ఇంకా ఎన్నో మందులు వచ్చాయి. ఇవి చాలామందికి వినపడే మాటల్ని, లేనిపోని భయాల్ని తగ్గిస్తాయి. అది చాలా గొప్ప సంగతే. కానీ మతిమరుపు మీద వీటి ప్రభావం చాలా తక్కువ. అందరి దృష్టీ మాటలు, భయాల మీదే ఉండటం వల్ల, మరుపు సంగతి చాలా కాలం పక్కన పడిపోయింది.

మతి అంటే ఒక్కటి కాదు

ఇంటివాళ్లు 'మతి లేదు' అని ఒక్క మాటలో చెప్పేస్తారు. అందులో చాలా పనులు కలిసి ఉన్నాయి.

ఒక తల్లి కొడుకుతో ఇలా చెప్పిందనుకుందాం: "నేను ల్యాబుకు పోయొస్తా. నువ్వు 4/14 మూలన షాపులో మందులు తీసుకో. చిల్లర లెక్కపెట్టుకో. తర్వాత బస్సు దగ్గరికి వచ్చెయ్."

ఈ పని చెయ్యాలంటే చెప్పిన మూడు మాటలూ కాసేపు మనసులో నిలబడాలి. దారిలో ఆటో హారన్ మోగినా, ఎవరో పిలిచినా అవి చెదిరిపోకూడదు. నాలుగుకు, పద్నాలుగుకు తేడా గుర్తుండాలి. షాపు మూసి ఉంటే ఇంకో షాపు చూసుకోవాలన్న ఆలోచన తట్టాలి. ఇవన్నీ టకటకా జరగాలి.

ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి ఇక్కడే కష్టం. చెప్పిన మాట మనసులో ఎక్కువసేపు నిలబడదు. దృష్టి జారిపోతుంది. ఆలోచన వస్తుంది కానీ నెమ్మదిగా వస్తుంది. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పే లోపే ఎదుటివాళ్లు విసుక్కుంటారు. ఆ కొడుకు 4/14కు బయల్దేరి 14వ అడ్డరోడ్డు మీదే అటూ ఇటూ తిరుగుతుంటాడు. మందుల చీటీ జేబులోనే ఉంటుంది.

డాక్టర్లు దీన్ని చిన్న పరీక్షలతో కొలుస్తారు. కొన్ని మాటలు చదివి తిరిగి చెప్పమంటారు. 7, 2, 9 అని చెప్పి వెనక నుంచి చెప్పమంటారు. అంకెల కింద గుర్తులు వెయ్యమని గడియారం చూస్తారు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఈ పరీక్షల్లో మిగతావారి కంటే వెనకబడతారు. అందరూ ఒకేలా వెనకబడరు. కొందరు బాగానే చేస్తారు. చాలామందిలో ఈ వెనకబాటు జబ్బు బయటపడక ముందే మొదలై ఉంటుంది. బాగా చదివే పిల్లవాడు పదో తరగతి, ఇంటర్ దగ్గర ఉన్నట్టుండి వెనకబడ్డాడని తల్లిదండ్రులు తర్వాత గుర్తుచేసుకుంటారు.

మెదడు కూడా ఒక పేటే

మెదడు బరువు కిలో మూడొందలు, నాలుగొందల గ్రాములు ఉంటుంది. అందులో సుమారు 8,600 కోట్ల నరాల కణాలున్నాయి. ఒక కణం ఇంకో కణానికి సన్నని తీగల గుండా కబురు పంపుతుంది. తీగలో కబురు కరెంటు రూపంలో పోతుంది. తీగ చివర మందు లాంటి రసాయనం విడుదలై పక్క కణానికి కబురు అందుతుంది. డోపమిన్ అలాంటి ఒక రసాయనం. ఈ జబ్బుకు ఇచ్చే మందుల్లో చాలావరకు డోపమిన్ పనికి పగ్గం వేస్తాయి.

బ్రాడీపేటలో ఇళ్లన్నీ బాగానే ఉన్నాయనుకోండి. కానీ లైన్లూ అడ్డరోడ్లూ కలిసేచోట బళ్లు అడ్డదిడ్డంగా పోతుంటే పేట పని సాగదు. స్కిజోఫ్రీనియాలో కూడా మెదడులో ఒకచోట పుండు పడటం, ఒక ముక్క పాడవటం లాంటిది కనపడదు. ఒక భాగానికీ ఇంకో భాగానికీ నడుమ రాకపోకల్లో తేడా వస్తుంది.

మెదడులో దూరదూరంగా ఉన్న భాగాలు జట్లు కట్టి పనిచేస్తాయి. లెక్క చేసేటప్పుడు, పని మీద మనసు పెట్టినప్పుడు ఒక జట్టు లేస్తుంది. దీన్ని పని జట్టు అనుకుందాం. ఖాళీగా కూర్చుని గతం తలుచుకుంటూ, తన గురించి తాను ఆలోచించుకుంటూ ఉన్నప్పుడు ఇంకో జట్టు పనిచేస్తుంది. దీన్ని తీరిక జట్టు అనుకుందాం. ఈ తీరిక జట్టు సంగతిని అమెరికాలో రైకెల్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 2001లో వివరించారు. మామూలుగా పని మొదలుపెట్టగానే తీరిక జట్టు తగ్గుతుంది, పని జట్టు పైకి లేస్తుంది.

తల లోపల ఇది ఎలా చూశారు? సాగర్ కాలవ కింద రైతుకు చెబితే తేలిగ్గా తెలుస్తుంది. ఏ మడిలో నాట్లు పడుతుంటే ఆ మడికి నీళ్లు ఎక్కువ తిప్పుతారు. నీళ్లు ఎటు పారుతున్నాయో గట్టు మీద నుంచి చూస్తే పని ఎక్కడ జరుగుతోందో తెలిసిపోతుంది. మెదడులో కూడా పని జరిగే చోటికి రక్తం ఎక్కువ పారుతుంది. ఆ రక్తంలోని ప్రాణవాయువు తేడాను ఎమ్మారై యంత్రంతో కనిపెట్టే పద్ధతి 1990ల మొదట్లో వచ్చింది. తల కొయ్యక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు. మనిషి యంత్రంలో పడుకుని చిన్న పరీక్ష చేస్తుంటే చాలు.

ఈ పద్ధతితో అమెరికాలో చేసిన ఒక పరిశీలన 2009లో అచ్చయింది. జబ్బు కొత్తగా వచ్చిన 13 మందిని, జబ్బు లేని వాళ్ల రక్తసంబంధీకులు 13 మందిని, ఏ సంబంధమూ లేని 13 మందిని చూశారు. గుర్తుపెట్టుకునే పని ఇచ్చారు. ఏ సంబంధమూ లేనివాళ్లలో తీరిక జట్టు బాగా తగ్గింది. జబ్బు ఉన్నవాళ్లలో అది తగ్గాల్సినంత తగ్గలేదు. అది ఎంత తక్కువ తగ్గితే జ్ఞాపకం పరీక్షలో అంత వెనకబడ్డారు. జబ్బు లేని అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో కూడా ఈ తేడా కొంత కనపడింది. వాళ్లను ఎవరైనా బద్ధకస్తులంటారా?

చూసింది కొద్దిమందినే. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇంకా చాలామందిని చూశారు. అందరి లెక్కలూ ఒకేలా రాలేదు. అయినా జట్ల నడుమ పొత్తు సరిగా లేదన్న సంగతి మళ్లీ మళ్లీ బయటపడుతూనే ఉంది.

తాలు ఏరేది ఎవరు?

ఈ రెండు జట్ల నడుమ ఇంకో జట్టు ఉంది. దాని పని ఏరడం. మిరప కల్లంలో ఆడవాళ్లు ఎర్రకాయ ఒక పక్కకు, తాలుకాయ ఒక పక్కకు ఏరతారు. అలాగే ఈ జట్టు కంటికి, చెవికి తగిలే వేల సంగతుల్లో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలెయ్యాలో ఏరుతుంది. ముఖ్యమైనది వస్తే 'లే, పని మొదలుపెట్టు' అని పని జట్టును లేపుతుంది.

ఏరే జట్టు తడబడితే తాలుకాయ మంచికాయల్లో కలుస్తుంది. వీధిలో ఎవరో దగ్గితే అది తన కోసమే దగ్గినట్టు అనిపిస్తుంది. బస్సులో ఇద్దరు నవ్వుకుంటే తనను చూసే నవ్వినట్టు ఉంటుంది. మంచికాయ తాలులో కలవడం కూడా ఇక్కడే. తల్లి చెప్పిన మాట పక్కకు పోతుంది. అనవసరమైన భయాలూ మరుపూ ఒకే కల్లంలో పుడుతున్నాయేమోనని చాలామంది శాస్త్రవేత్తలు ఆలోచిస్తున్నారు.

కోలాటం తప్పినట్టు

మెదడులో కణాలు కబుర్లు పంపేది ఒక తాళం ప్రకారం. కోలాటంలో ఇరవై మంది కర్రలు ఒక్కసారి తగిలితేనే ఒక్క చప్పుడు వస్తుంది. ఒకరు ముందు, ఒకరు వెనక వేస్తే వట్టి రొద మిగులుతుంది. ఎవరి కర్ర వాళ్ల చేతిలోనే ఉంది, ఎవరి చెయ్యీ విరగలేదు. తాళమే తప్పింది.

తల మీద చిన్న బిళ్లలు అంటించి మెదడు కరెంటు అలల్ని గీతలుగా గీసే యంత్రం ఉంది. దాన్ని ఈఈజీ అంటారు. మనిషి తల మీద మొదట అలా అలల్ని నమోదు చేసినవాడు జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్. అది 1924లో జరిగింది. ఈ యంత్రంతో 1999లో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. చెవిలో సెకనుకు 40 టక్కులు వినిపిస్తే మామూలు మనిషి మెదడు కూడా సెకనుకు 40 సార్లు తాళం వేస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల మెదడులో ఆ తాళం బలహీనంగా ఉంది. మాటను మనసులో నిలబెట్టుకోవడానికి ఇలాంటి వేగమైన తాళం అవసరమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

స్కానింగు తీస్తే తెలుస్తుందా?

ఇంత చదివాక ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది. స్కానింగు తీయిస్తే జబ్బు ఉందో లేదో తేలిపోతుంది కదా అని. తేలదు. పైన చెప్పిన తేడాలు చాలామందిని కలిపి లెక్క వేస్తే కనపడేవి. ఒక్క మనిషి ఫొటో చూసి 'ఇతనికి స్కిజోఫ్రీనియా' అని చెప్పే యంత్రం ఇంతవరకు లేదు. డాక్టరు మనిషితో మాట్లాడి, ఇంటివాళ్లను అడిగి జబ్బును గుర్తిస్తాడు. మెదడులో గడ్డ, ఫిట్స్ లాంటివి ఉన్నాయేమోనన్న అనుమానం వస్తే స్కానింగు రాస్తారు. అప్పు చేసి స్కానింగుకు పరిగెత్తే ముందు 'ఇది ఎందుకు?' అని డాక్టరును అడగడంలో తప్పులేదు.

ఏం చెయ్యవచ్చు?

మందులు ఆపకూడదు. మరుపు మందుల వల్లే వచ్చిందనుకుని చాలామంది మానేస్తారు. మానేసిన వాళ్లలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో జబ్బు తిరగబెడుతుంది. అయితే ఒక సంగతి అడిగి తెలుసుకోవాలి. చేతుల వణుకు, కండరాల బిగుతు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర కూడా రాస్తుంటారు. అది కొందరిలో మరుపు పెంచుతుంది. దాని అవసరం ఇంకా ఉందా, మోతాదు తగ్గించవచ్చా అని డాక్టరును అడగాలి. తగ్గించాల్సింది డాక్టరే.

మరుపు తగ్గించే మందు కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. ఐక్లెపెర్టిన్ అనే మందు మీద చాలా ఆశ పెట్టుకున్నారు. 2025 జనవరిలో దాని పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఉత్త మాత్ర కంటే ఎక్కువ మేలు చెయ్యలేదు.

మందు లేదు కదా అని ఊరుకోవక్కర్లేదు. జ్ఞాపకానికి, దృష్టికి సాధన చేయించే పద్ధతి ఉంది. తేలిక లెక్కలు, బొమ్మలు గుర్తుపెట్టుకోవడం, పనిని ముక్కలు చేసి చెయ్యడం రోజూ నేర్పుతారు. అది నిజమైన పనితో కలిస్తే ఎక్కువ ఫలితం ఇస్తుంది. రోజూ చెమట పట్టేలా నడక, వ్యాయామం కూడా కొంత మేలు చేస్తాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆసుపత్రికి రాలేనివాళ్లు 14416 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ 'టెలి మానస్' సేవ రాత్రీపగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉంది. జబ్బు తీవ్రతను బట్టి సర్టిఫికెట్టు ఇస్తారు.

కట్టెయ్యడం మాత్రం ఎవరూ చెయ్యకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వెయ్యడాన్ని నిషేధించింది.

ఇంట్లో చేసేవి చిన్న పనులే. ఒకసారి ఒక మాటే చెప్పాలి. టీవీ కట్టేసి, ఎదురుగా నిలబడి చెప్పాలి. చెప్పింది తిరిగి చెప్పమనాలి. అది అయ్యాక రెండో మాట. పత్తితీతకు తీసుకుపోతే "ఆ చేనంతా తియ్యి" అనకుండా ఒక సాలు చూపించి "ఇది అయ్యాక నన్ను పిలువు" అనాలి. రోజూ ఒకే వేళకు లేవడం, ఒకే చోట తాళం చెవి పెట్టడం, ఒకే డబ్బాలో మాత్రలు ఉంచడం లాంటివి అలవాటు చెయ్యాలి. గుర్తుపెట్టుకునే బరువు కొంత ఇల్లే మోస్తుంది.

బజారుకు పంపేటప్పుడు చీటీ రాసివ్వాలి. కొత్తగా అక్షరాలు నేర్చుకున్న తల్లి కూడా ఇది చెయ్యగలదు. పెద్ద అక్షరాలు, ఒక వరసలో ఒకే మాట: ఉప్పు. సబ్బు. చింతపండు. కింద చిల్లర ఎంత రావాలో అంకె. చీటీతో పాటు ఒక పెన్సిలు ముక్క జేబులో వెయ్యాలి. ఒక్కో వస్తువు సంచిలో పడగానే ఆ మాట మీద గీత కొట్టుకుంటాడు. మొదటి వారం ఒక గీత మరిచిపోయినా, చీటీ చూసి ఏది మిగిలిందో తనే చెప్పగలడు.